లోడర్ స్టీరింగ్ మధ్యాహ్నానికి బరువెక్కుతోంది, ఓర్బిట్రాల్ మార్చాలా?

క్రషర్_లోడర్:

అన్నలకు నమస్కారం. చీమకుర్తి దగ్గర కంకర క్రషర్‌లో తిరిగే వీల్ లోడర్, 3 టన్నుల క్లాసు, నడుం దగ్గర మడిచే బండి. రెండు స్టీరింగ్ జాకీలు (హైడ్రాలిక్ సిలిండర్లు), కాలమ్ కింద ఓర్బిట్రాల్, అంటే చక్రం తిప్పిన మేరకు జాకీలకి ఆయిల్ కొలిచి పంపే యూనిట్. స్టీరింగ్‌కీ బకెట్‌కీ కలిపి ఒకటే గేర్ పంపు, మధ్యలో స్టీరింగ్‌కి ముందు ఆయిల్ ఇచ్చే ప్రయారిటీ వాల్వ్ ఉంది.

పొద్దున స్టార్ట్ చేస్తే స్టీరింగ్ ఒక్క చేత్తో తిరుగుతుంది. పదకొండు దాటి ఆయిల్ బాగా కాగాక ఐడ్లింగ్‌లో రెండు చేతులూ పెట్టి లాగాల్సి వస్తోంది. ఎక్సిలేటర్ తొక్కితే మళ్ళీ తేలికే. ఇంకోటి, ఫుల్ లాక్‌కి (బండి మడిచే చివరి కొసకి) వెళ్ళాక కూడా స్టీరింగ్ ఆగకుండా మెల్లగా జారుతూ తిరుగుతోంది. ఆయిల్ లెవెల్ సరిగ్గానే ఉంది, బయటికి లీకేజీ లేదు. మెకానిక్ ఓర్బిట్రాల్ పోయింది, కొత్తది వేయాల్సిందే అంటున్నాడు. అంత డబ్బు పెట్టే ముందు ఇంకేమైనా చూడాలా? లోపల అసలు ఏం జరుగుతుందో కూడా కాస్త వివరంగా చెప్పండి.

హైడ్రాలిక్_బెంచ్:

ఇప్పుడే కొనకండి. మీరు రాసింది ఒక ఫిర్యాదు కాదు, రెండు. బరువెక్కడం వేరు, లాక్ దగ్గర జారడం వేరు. రెండింటికీ కారణం ఒకటే కావచ్చు, కాకపోనూ వచ్చు. ముందు పని తీరు చెబుతాను, తర్వాత ఏది ఎక్కడ వెతకాలో మీకే తెలుస్తుంది.

స్టీరింగ్ చక్రానికీ టైర్లకూ మధ్య ఇనుప కడ్డీ లాంటి కనెక్షన్ ఏదీ లేదు. ఉన్నది ఆయిల్ ఒక్కటే. ఓర్బిట్రాల్ లోపల రెండు భాగాలు. పైన రోటరీ వాల్వ్: స్లీవ్, దాని లోపల స్పూల్. కింద జెరోటర్ సెట్: 7 లోబులున్న బయటి రింగు, అందులో తిరిగే 6 పళ్ళ రోటర్. స్టీరింగ్ కాలమ్ స్పూల్‌ని తిప్పుతుంది. రోటర్ కార్డాన్ షాఫ్ట్ ద్వారా, అడ్డపిన్ను ద్వారా స్లీవ్‌కి కలిసి ఉంటుంది. స్పూల్‌నీ స్లీవ్‌నీ మధ్యస్థానంలో పట్టి ఉంచేవి పలుచటి ఆకు స్ప్రింగులు.

మీరు చక్రం తిప్పగానే స్పూల్ కాస్త ముందుకు జరుగుతుంది, స్లీవ్ అక్కడే ఉంటుంది. ఒకటి రెండు డిగ్రీల తేడా రాగానే రంధ్రాలు కలుస్తాయి, మోడల్‌ని బట్టి 8 నుంచి 15 డిగ్రీల్లో పూర్తిగా తెరుచుకుంటాయి. పంపు ఆయిల్ జెరోటర్ గుండా జాకీకి పోతుంది. పోతూ రోటర్‌ని తిప్పుతుంది, రోటర్ స్లీవ్‌ని తిప్పుతుంది, స్లీవ్ స్పూల్ వెంట పడుతుంది. చెయ్యి ఆపితే స్లీవ్ స్పూల్‌ని అందుకుంటుంది, రంధ్రాలు మూసుకుంటాయి, బండి ఆ కోణంలో ఆగిపోతుంది. అంటే జెరోటర్ అక్కడ కొలపాత్ర: ఒక చుట్టుకి ఇన్ని సీసీలు, అంతకంటే ఎక్కువ పోదు.

లెక్క చూడండి. మీ జాకీ బోర్ 70 మి.మీ., రాడ్ 40, స్ట్రోక్ 350 అనుకుందాం. మడిచే బండిలో ఒక జాకీ తోస్తుంటే రెండోది లాగుతుంది. కాబట్టి ఒకదాని బోర్ వైపు వైశాల్యం 38.5, రెండోదాని రాడ్ వైపు వైశాల్యం 25.9, కలిపి 64.4 చదరపు సెం.మీ. స్ట్రోక్‌తో గుణిస్తే 2,250 సీసీ దాకా. ఓర్బిట్రాల్ 500 సీసీది అయితే ఈ కొస నుంచి ఆ కొసకి నాలుగున్నర చుట్లు. 175 బార్ దగ్గర రెండు జాకీలూ కలిసి ఇచ్చే బలం సుమారు పదకొండున్నర టన్నులు, 105 బార్ దగ్గర ఏడు టన్నుల లోపే. నిలబడిన బండిలో బకెట్ నిండుగా ఉంటే ఆ తేడా చేతికి తెలిసిపోతుంది. మీ సైజులు వేసుకుని మీ లెక్క చేసుకోండి. చుట్ల లెక్క కంటే అసలు చుట్లు బాగా ఎక్కువ పడుతుంటే దారిలో ఎక్కడో ఆయిల్ జారిపోతోందన్నమాట.

ఇక లక్షణాలు. మెల్లగా తిప్పినా, వేగంగా తిప్పినా బరువే అంటే ప్రెషర్ తక్కువ. మెల్లగా తిప్పితే తేలిక, గబుక్కున తిప్పితే బరువు అంటే ఫ్లో చాలడం లేదు. 500 సీసీ యూనిట్‌ని సెకనుకి ఒక చుట్టు తిప్పితే నిమిషానికి 30 లీటర్లు కావాలి. అంత రాకపోతే మిగతాది మీ చేతి బలమే మోయాలి. లాక్ దగ్గర జారడం మాత్రం లోపలి లీకేజీ: ఓర్బిట్రాల్‌లోనో, జాకీ పిస్టన్ సీలులోనో, షాక్ వాల్వులోనో (బయటి దెబ్బకి జాకీ లైన్లో ప్రెషర్ ఎగిరితే వదిలేది).

లాక్ దగ్గర అస్సలు జారకూడదని కాదు. వేడి ఆయిల్‌తో నిమిషానికి రెండు మూడు చుట్లు మంచి యూనిట్ కూడా జారుతుంది, లిమిట్ మీ సర్వీస్ బుక్‌లో ఉంటుంది. మీది నిమిషానికి ఎన్ని చుట్లో ముందు లెక్కపెట్టండి.

గేజ్_ముందు:

బెంచ్ గారు చెప్పింది సరే, నేను ప్రయారిటీ వాల్వ్ సంగతి కలుపుతాను. ఈ తరహా బళ్ళలో ఓర్బిట్రాల్‌ని అన్యాయంగా మార్చేసేది ఎక్కువగా దీని వల్లే.

పంపు ఆయిల్ ముందు ప్రయారిటీ వాల్వుకి వస్తుంది. అక్కడ రెండు దారులు: సీఎఫ్ అంటే స్టీరింగ్ వైపు, ఈఎఫ్ అంటే బకెట్ కంట్రోల్ వాల్వ్ వైపు. స్పూల్‌కి ఒక చివర స్ప్రింగు, ఆ స్ప్రింగు వైపే ఓర్బిట్రాల్ నుంచి వచ్చే సన్నటి ఎల్‌ఎస్ (లోడ్ సెన్సింగ్) పైపు. రెండో చివర సీఎఫ్ ప్రెషర్ తోస్తుంది. స్టీరింగ్ తిప్పకపోతే ఎల్‌ఎస్ ట్యాంకుకి ఖాళీ అవుతుంది, 7 బార్ స్ప్రింగు అయితే సీఎఫ్‌లో దాదాపు అంతే ఉంటుంది, ఆయిల్ మొత్తం బకెట్‌కి. తిప్పగానే జాకీ అడిగే ప్రెషర్ ఎల్‌ఎస్‌లో కనిపిస్తుంది, స్పూల్ సీఎఫ్ వైపు జరిగి స్టీరింగ్ వాటా ముందు ఇచ్చి, మిగిలిందే బకెట్‌కి వదులుతుంది. చాలా మోడళ్ళలో స్టీరింగ్ రిలీఫ్ (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్ వదిలేది) కూడా ఇందులోనే, ఎల్‌ఎస్ లైను మీద చిన్న పైలట్ వాల్వ్‌గా ఉంటుంది.

ఇప్పుడు గేజ్ పెట్టండి. 250 బార్ గేజ్, సీఎఫ్ టెస్ట్ పాయింట్‌లో. అది లేకపోతే ఓర్బిట్రాల్ పి పోర్టు (పంపు ఆయిల్ వచ్చేది) దగ్గర టీ వేసి. పొడుగు టెస్ట్ హోస్ వాడి గేజ్‌ని బయటికి తెచ్చుకోండి. ముందు ఫుల్ లాక్‌కి తిప్పి బకెట్ నేలకి దించి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి చెక్కలు పెట్టండి. లాక్ మీద ఐదు సెకన్లు పట్టి రీడింగ్ తీసి వదిలేయండి. అంతకంటే పట్టుకుంటే రిలీఫ్ మీద ఆయిల్ ఊరికే కాగుతుంది. నాలుగు రీడింగులు కావాలి:

ఒకటి, చల్లటి ఆయిల్, ఐడ్లింగ్. రెండు, వేడి ఆయిల్, ఐడ్లింగ్. మూడు, వేడి ఆయిల్, ఫుల్ ఎక్సిలేటర్. నాలుగోది అసలైనది: వేడి ఆయిల్, ఐడ్లింగ్, లాక్ మీద స్టీరింగ్ పట్టి ఉంచి, రెండో చేత్తో బకెట్‌ని పూర్తిగా వెనక్కి మడిచి లివర్‌ని అలాగే రిలీఫ్ మీద ఉంచడం.

జాగ్రత్త ఒక్కటి. ఇంజిను నడుస్తుండగా చాసిస్ మడత మధ్య మనిషి ఉండకూడదు. హోస్ విప్పే పని ఉన్నప్పుడు నడుం దగ్గరి లాక్ బార్ వేసి, ఇంజిను ఆపి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి ప్రెషర్ వదిలాకే స్పానర్ పెట్టాలి. పిన్‌హోల్ లీకేజీని వేలితో వెతకొద్దు. ప్రెషర్‌లో ఉన్న ఆయిల్ సన్నటి ధారగా వస్తే చర్మం లోపలికే పోతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపల చెయ్యి కుళ్ళుతుంది. అలా గుచ్చుకుంటే నొప్పి లేదని ఊరుకోకుండా అప్పుడే ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి పోవాలి.

హైడ్రాలిక్_బెంచ్:

జారడానికి కూడా టెస్ట్ రాస్తాను, ఒకే రోజు అయిపోతుంది.

ముందు వేడి ఆయిల్‌తో, ఫుల్ ఎక్సిలేటర్‌లో, లాక్ మీద ఒకే బలంతో పట్టి నిమిషానికి ఎన్ని చుట్లు జారుతుందో లెక్కపెట్టండి. ఐడ్లింగ్‌లో చేయకండి. అక్కడ మీ ప్రెషరే నిలబడటం లేదు కాబట్టి లెక్క తప్పుతుంది.

తర్వాత ఇంజిను ఆపి, ఓర్బిట్రాల్ ఎల్, ఆర్ పోర్టుల (ఎడమ, కుడి తిప్పుళ్ళకి జాకీలకి పోయేవి) హోసులు విప్పి, ఆ రెండు పోర్టులకీ స్టీలు ప్లగ్గులు బిగించండి. ప్రెషర్‌కి తగ్గవే వాడాలి, జీఐ ప్లగ్గులు పనికిరావు. మళ్ళీ అదే బలంతో తిప్పండి. ఇప్పుడు జారేది ఓర్బిట్రాల్‌ది మాత్రమే. షాక్ వాల్వులు ఓర్బిట్రాల్‌లోనే ఉంటే వాటి లీకేజీ కూడా ఇందులో కలిసి వస్తుంది. జారడం అలాగే ఉంటే మీ మెకానిక్ మాట నిజం. తగ్గిపోతే దోషం జాకీల వైపు ఉంది.

జాకీల్లో ఏదో తేల్చడానికి: హోసులు మళ్ళీ బిగించి బండిని ఎడమ లాక్‌కి తిప్పండి. ఎడమకి తిరిగినప్పుడు ఎడమ జాకీ లోపలికి పోతుంది, కుడి జాకీ బయటికి వస్తుంది. కాబట్టి ఎడమ జాకీకి రిటర్న్ వైపు వెనక పోర్టు, కుడి జాకీకి రిటర్న్ వైపు రాడ్ పోర్టు. ఒక్కో జాకీకి విడివిడిగా, ఇంజిను ఆపి రిటర్న్ వైపు హోస్ తీసి, హోస్ చివర ప్లగ్గు వేసి, జాకీ పోర్టు నుంచి ఇంకో హోస్ డబ్బాలోకి పెట్టండి. ఐడ్లింగ్‌లో మళ్ళీ ఎడమకే మెల్లగా పట్టండి. చుక్కలు పడితే పరవాలేదు. ధార ఆగకుండా వస్తే పిస్టన్ సీలు పోయినట్టే. ఈ టెస్ట్‌లో పొరపాటున కూడా కుడికి తిప్పకండి, తెరిచిన పోర్టు నుంచి ఆయిల్ ఎగజిమ్ముతుంది.

క్రషర్_లోడర్:

రెండు రోజులు పట్టింది, అన్నీ చేశాం. రిలీఫ్ సెట్టింగ్ బుక్‌లో 175 అని ఉంది.

చల్లటి ఆయిల్ ఐడ్లింగ్ 172. వేడి ఐడ్లింగ్ 105. వేడి ఫుల్ ఎక్సిలేటర్ 168. వేడి ఐడ్లింగ్‌లో బకెట్ రిలీఫ్ మీద పెడితే 170! బకెట్ లివర్ లాగగానే స్టీరింగ్ తేలికైపోయింది, ఎందుకో అర్థం కాలేదు.

జారడం వేడిలో నిమిషానికి 9 చుట్లు. ఓర్బిట్రాల్ పోర్టులు మూస్తే 2 చుట్లు. ఎడమ జాకీలో చుక్కలే. కుడి జాకీ మాత్రం ధార. ఓర్బిట్రాల్ ప్లేటు మీద 500 సీసీ అని ఉంది.

గేజ్_ముందు:

నాలుగో రీడింగ్ మొత్తం చెప్పేసింది.

పంపు అరిగిపోయి ఉంటే బకెట్ రిలీఫ్ మీద పెట్టినా ఐడ్లింగ్‌లో 170 పుట్టదు. పుట్టింది, కాబట్టి పంపు బాగుంది. ఎల్‌ఎస్ లైను లీకవుతున్నా, పైలట్ రిలీఫ్ సీటు కింద చెత్త పడ్డా, ప్రెషర్ తక్కువ దగ్గరే ఆగేది. అప్పుడు ఎక్సిలేటర్ తొక్కినా, బకెట్ లాగినా పెద్దగా మారేది కాదు, ఎందుకంటే స్పూల్ తన పని తను చేస్తూ సీఎఫ్‌ని ఆ తక్కువ దగ్గరే కట్టేస్తుంది. మీ దగ్గర ఫుల్ ఎక్సిలేటర్‌లో 168 వచ్చింది. కాబట్టి అది కూడా కాదు.

మిగిలింది ప్రయారిటీ స్పూల్ ఈఎఫ్ వైపు ఇరుక్కుపోవడం. స్టీరింగ్ అడుగుతున్నా స్పూల్ పూర్తిగా జరగదు, బకెట్ దారి సగం తెరిచే ఉంటుంది. ఆ దారి కంట్రోల్ వాల్వ్ న్యూట్రల్ గుండా ట్యాంకుకి పోతుంది. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి ఆ సందులో అడ్డు ఎక్కువ, ప్రెషర్ నిలబడుతుంది. కాగి పలచనయ్యాక ఐడ్లింగ్ ఫ్లో అంతా సులువుగా జారిపోతుంది. ఎక్సిలేటర్ తొక్కితే ఫ్లో పెరిగి అదే సందు మళ్ళీ అడ్డవుతుంది. బకెట్‌ని రిలీఫ్ మీద పెడితే ఆ దారి అవతలి కొస మూసుకుపోయినట్టే, ఇక స్టీరింగ్‌కీ అంతే ప్రెషర్ దక్కుతుంది. మీకు తేలికైంది అందుకే.

వాల్వ్ విప్పేటప్పుడు పోర్టుల మీద గుర్తులు పెట్టండి. స్ప్రింగు వైపు ప్లగ్గు తీసి స్ప్రింగు, షిమ్ములు (సర్దుబాటుకి వేసే పలుచటి రేకులు) ఎలా ఉన్నాయో ఫొటో తీసుకోండి. స్పూల్‌ని డీజిల్‌లో కడిగి, శుభ్రమైన హైడ్రాలిక్ ఆయిల్ రాసి బాడీని నిలువుగా పట్టుకుంటే తన బరువుకే జారాలి. ఎక్కడైనా పట్టేస్తే అక్కడ గీత లేదా బర్ ఉంటుంది. ఆయిల్‌లో తడిపిన నున్నటి ఆయిల్‌స్టోన్‌తో పైకి లేచిన బర్ మాత్రమే తీయండి. స్పూల్ గాడి అంచులు పదునుగానే ఉండాలి. వాటిని గుండ్రం చేస్తే మీటరింగ్ పోయి స్టీరింగ్ కుదుపులు పడుతుంది. ఎమెరీ పేపర్ పెట్టి బోర్ రుద్దడం మాత్రం వద్దే వద్దు. స్పూల్‌లో సూది మొన లాంటి రంధ్రాలుంటాయి, గాలి కొట్టి శుభ్రం చేయండి, వైరు దూర్చి పెద్దవి చేయకండి. గీతలు లోతుగా ఉంటే వాల్వ్ మొత్తం మార్చాలి. స్పూల్, బాడీ జతగా తయారైనవి, ఒక్క స్పూల్ తెచ్చి వేస్తే కుదరదు. అయినా ఓర్బిట్రాల్ ఖర్చు కంటే చాలా తక్కువలో పోతుంది.

హైడ్రాలిక్_బెంచ్:

జారడం లెక్క కూడా కలుస్తోంది. 9 లోంచి ఓర్బిట్రాల్ సొంత 2 తీసేస్తే 7 చుట్లు, చుట్టుకి 500 సీసీ, అంటే నిమిషానికి మూడున్నర లీటర్లు కుడి జాకీ పిస్టన్ దాటిపోతోంది. ఐడ్లింగ్‌లో పంపు ఇచ్చే ఫ్లో ముందు మూడున్నర లీటర్లు ఏపాటి? దాని వల్ల ప్రెషర్ 105కి పడదు. జాకీ సీలు మార్చి బరువు తగ్గలేదని, వాల్వ్ కడిగి జారడం ఆగలేదని తిట్టుకోకండి. రెండు దోషాలకీ రెండు పనులు.

జాకీ విప్పితే రెండింటికీ సీల్ కిట్లు వేయడం మేలు, దుమ్ము రెండింటికీ ఒకటే కదా. రాడ్ మీద క్రోమ్ లేచిందా, వంగిందా చూడండి. ట్యూబ్ లోపల గోరు తగిలేంత గీత ఉంటే కొత్త సీలు కూడా ఎక్కువ కాలం నిలవదు. పిస్టన్ మీద తెల్లటి లేదా కాంస్యం రంగు గట్టి రింగు ఉంటే దాన్ని వేడి నీళ్ళలో మెత్తబరిచి ఎక్కించి, ఎక్కించాక టేపర్ ఉన్న స్లీవ్‌తో నొక్కి మళ్ళీ కొలతకి తేవాలి. అలా తేకుండా ట్యూబ్‌లో దూర్చితే అంచు కోసుకుపోతుంది. యూ ఆకారం సీలు నోరు ఎప్పుడూ ప్రెషర్ వైపే. పిస్టన్ నట్టుకి బుక్ చెప్పిన టార్కు ఇవ్వండి, అది లోపల వదులైతే జాకీతో పాటు చాసిస్ స్టాపరు కూడా పోతుంది. పనిలో పనిగా జాకీ పిన్నులు, బుష్‌లు కూడా. వాటిలో ఆట ఉంటే స్టీరింగ్ ఎంత బాగున్నా బండి రోడ్డు మీద ఊగుతుంది, దాన్ని కూడా జనం ఓర్బిట్రాల్ ఖాతాలోనే రాస్తారు.

బిగించాక గాలి తీయడం: ఐడ్లింగ్‌లో, స్టాపర్‌కి కొట్టకుండా, ఈ కొస నుంచి ఆ కొసకి మెల్లగా పదిసార్లయినా తిప్పండి. ట్యాంకులో నురగ తగ్గాక లెవెల్ చూసి నింపండి. నురగ తగ్గకపోతే సక్షన్ హోస్ క్లిప్పు చూడండి. అక్కడ ఆయిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది.

డిప్లొమా_ఫైనలియర్:

సార్, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఓర్బిట్రాల్‌కే సీల్ కిట్ వేశాక స్టార్ట్ చేయగానే చక్రం దానంతటదే గిర్రున తిరగడం ఒక ట్రాక్టర్‌లో చూశాను. ఎందుకలా?

హైడ్రాలిక్_బెంచ్:

టైమింగ్ తప్పింది తమ్ముడూ. జెరోటర్ రోటర్ ఒక్క చుట్టు తిరిగే లోపు ఆరుసార్లు కక్ష్యలో తిరుగుతుంది. ఏడు గదులు ఆరేసిసార్లు, మొత్తం 42 సార్లు నిండి ఖాళీ అవుతాయి. ఏ క్షణంలో ఏ గదికి ఆయిల్ పోవాలి, ఏది ఖాళీ కావాలి అన్నది స్లీవ్ రంధ్రాలు నిర్ణయిస్తాయి. స్లీవ్‌కీ రోటర్‌కీ లంకె ఆ కార్డాన్ షాఫ్టే. అది ఒక పన్ను పక్కకి పడితే గదులకి తప్పు సమయంలో ఆయిల్ పోయి యూనిట్ మోటారులా తిరగడం మొదలుపెడుతుంది.

బిగించేటప్పుడు కార్డాన్ చీలిక, అడ్డపిన్ను ఒకే గీతలో ఉంటాయి కదా, ఆ గీత రోటర్‌లో పన్ను మీదికి కాక రెండు పళ్ళ మధ్య లోయ మీదికి రావాలి. మామూలు మోడళ్ళన్నిటికీ నియమం ఇదే, అయినా ఆ మోడల్ బొమ్మ చూసి సరిపోల్చుకోవాలి. విప్పక ముందే కార్డాన్ చివర, రోటర్ మీద పెన్నుతో గీత పెడితే సగం తలనొప్పి ఉండదు. ఆకు స్ప్రింగులు చాలావాటిలో రెండు చదునువి, నాలుగు వంపువి. వంపు వాటిని వీపులు కలిపి చదును వాటి మధ్యకి నెట్టాలి. ఒకటి విరిగినా స్పూల్ మధ్యకి రాదు, చెయ్యి వదిలినా బండి ఒక పక్కకి తిరుగుతూనే ఉంటుంది. పి పోర్టు దగ్గరి చెక్ బాల్ పోగొట్టొద్దు. అది లేకపోతే గుంతలో పడ్డప్పుడల్లా దెబ్బ చక్రం దాకా వస్తుంది. కింది మూత బోల్టులు ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించాలి. చిన్న మోడళ్ళలో 30 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, బుక్ చూసుకోండి. ఎక్కువ బిగిస్తే మూత వంగి రోటర్ పట్టేస్తుంది.

కాలమ్ బిగించాక చక్రం తిప్పి వదిలి చూడు, స్పూల్ మధ్యకి రావాలి. రాకపోతే కాలమ్ షాఫ్టు స్పూల్‌ని కిందికి నొక్కుతోందేమో చూడాలి. స్ప్లైన్ కింద కాస్త సందు ఉండాలి. ఇది యూనిట్ తప్పు కాదు, బిగింపు తప్పు. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు చేతులు చక్రం ఆకుల మధ్య పెట్టకు. టైమింగ్ తప్పి ఉంటే మణికట్టు విరుగుతుంది.

డంపర్_సెక్షన్:

ఓపెన్‌కాస్ట్ గనుల్లో తిరిగే పెద్ద డంపర్లు చూసేవాళ్ళ కోసం రెండు మాటలు. చేత్తో తిప్పే ఓర్బిట్రాల్‌తో అంత ఫ్లో ఇవ్వడం కుదరదు కాబట్టి పెద్ద బళ్ళలో ఫ్లో యాంప్లిఫయర్ ఉంటుంది. ఓర్బిట్రాల్ నుంచి వచ్చే ఆయిల్‌కి కొన్ని రెట్లు పంపు నుంచి నేరుగా కలిపి జాకీలకి పంపుతుంది. అక్కడ నిమిషానికి ఇన్ని చుట్లు జారింది అనే లెక్కని ఆ రెట్లతో గుణించుకోవాలి.

ఇంకోటి, ఇంజిను ఆగిపోయినప్పటి సంగతి. చిన్న బండిలో ఓర్బిట్రాలే చేతి పంపుగా పనిచేస్తుంది, టి (ట్యాంకు) వైపు నుంచి పి వైపుకి చెక్ వాల్వ్ గుండా ఆయిల్ లాక్కుంటుంది. అయితే సీసీ పెరిగేకొద్దీ అది మనిషి బలానికి మించిపోతుంది. 500 సీసీ లోడర్‌లో ఇంజిను ఆపి తిప్పి చూడండి, తెలుస్తుంది. అందుకే వాలులో ఇంజిను ఆపి న్యూట్రల్‌లో దించడం ప్రాణాలతో చెలగాటం. డంపర్లలో అక్యుములేటర్లు పెడతారు, ఇంజిను ఆగాక కొన్ని తిప్పుళ్ళకి సరిపడా ఆయిల్ దాచి ఉంచుతాయి. ఎమర్జెన్సీ స్టీరింగ్‌కి ఐఎస్‌ఓ 5010 స్టాండర్డ్ ఉంది.

అక్యుములేటర్‌లో గ్యాసు డ్రై నైట్రోజన్ మాత్రమే. ఆక్సిజన్ సిలిండర్ తగిలిస్తే ఆయిల్‌తో కలిసి పేలుతుంది. ప్రీచార్జ్ (ముందే నింపిన గ్యాసు ప్రెషర్) చూసేటప్పుడు ఆయిల్ వైపు ప్రెషర్ సున్నా ఉండాలి, లేకపోతే గేజ్ చూపించేది గ్యాసు నింపిన ప్రెషర్ కాదు, ఆయిల్‌ది. ప్రీచార్జ్ పోయిందని ముందే తెలిసే గుర్తు: ఇంజిను ఆపాక చక్రం ఒకటి రెండు తిప్పుళ్ళకే చచ్చుబడిపోతుంది. బాగున్నప్పుడు ఎన్ని తిప్పుళ్ళు వస్తాయో లాగ్ బుక్‌లో రాసి పెట్టుకుంటే పోల్చడానికి ఉంటుంది.

క్రషర్_లోడర్:

పని అయింది. ప్రయారిటీ స్పూల్ మీద ఒకచోట బూడిద రంగు మడ్డి, చిన్న గీత. ఆయిల్‌స్టోన్‌తో సరిపోయింది. జాకీలు రెండింటికీ కిట్లు వేశాం, కుడి దాని పిస్టన్ రింగు ఒక పక్క తెగి ఉంది. ఇప్పుడు వేడి ఐడ్లింగ్‌లో 171, జారడం 2 చుట్లు. ఓర్బిట్రాల్‌ని ముట్టుకోలేదు. ఆ మడ్డి ఎక్కడిది? ఆయిల్ 46 గ్రేడు (చిక్కదనం నంబరు) వాడుతున్నాం, ఎండాకాలానికి 68 వేయాలా?

గేజ్_ముందు:

పాత ఫిల్టర్ ఉంటే అడ్డంగా కోసి కాగితం మడతలు విప్పి చూడండి. పసుపు పొడి ఉంటే పంపు బుష్‌లు. అయస్కాంతానికి అంటని తెల్లటి మెరుపు అల్యూమినియం, గేర్ పంపు బాడీది. నల్ల ముక్కలు సీళ్ళూ హోసులూ. బూడిద రంగు మెత్తటి బురదైతే అది మీ క్రషర్ డస్టే. అది లోపలికి వచ్చే దారి దాదాపు ఎప్పుడూ ట్యాంకు బ్రీదరే (గాలి ఆడే మూత). బకెట్ ఎత్తి దించినప్పుడల్లా ట్యాంకు లెవెల్ మారుతుంది, గాలి పీల్చి వదులుతుంది. బ్రీదర్‌లో ఎలిమెంట్ లేకపోయినా, మూత వదులైనా దుమ్ము నేరుగా ఆయిల్‌లోకే. ముందు దాన్ని మార్చి, ట్యాంకు అడుగు మడ్డి తుడిచి, ఆ తర్వాతే కొత్త ఆయిల్. రిటర్న్ ఫిల్టర్ 10 మైక్రాన్‌ది వేసి, మొదటిది మాత్రం 50 గంటలకే తీసేయండి. జాకీలు విప్పినప్పుడు కదిలిన చెత్త అంతా అందులోకి వస్తుంది.

68 సంగతి ఆయిల్ వేడిని బట్టి. మధ్యాహ్నం పనిలో ట్యాంకు ఆయిల్ 80 డిగ్రీలు దాటుతుంటే, మీ బండి బుక్‌లో 68 రాసి ఉంటే వేయండి. కానీ ముందు కూలర్ రెక్కల్లో పేరుకున్న డస్టుని ఫ్యాన్ గాలికి ఎదురు దిశలో గాలి కొట్టి తీయండి. కూలర్ మూసుకుపోయి ఆయిల్ కాగుతుంటే 68 పోసినా నాలుగు రోజుల్లో మళ్ళీ ఇక్కడికే వస్తారు. రెండు గ్రేడులు కలపకండి, మార్చితే మొత్తం మార్చండి.